ప్రొమాయ లేని ఇల్లు

విటోమిర్‌కి ప్రొమాయ మీద నమ్మకం లేదు.

మా కొండ ఊరు నోవా వారోష్‌లో దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఉన్నారు. డాక్టర్లని నమ్మనివాళ్ళయితే సగం ఊరు. కాని ఎదురెదురు సందుల్లోంచి ఇంట్లోకి దూరి మనిషిని కాటేసే ఆ సన్నటి గాలిని, ఆ ప్రొమాయని నమ్మనివాడు మాత్రం ఒక్కడే. మెడ పట్టేసిందంటే ప్రొమాయ. పన్ను లాగుతోందంటే ప్రొమాయ. చెవిపోటు, నడుంనొప్పి, పిల్లాడు లెక్కల పరీక్ష తప్పడం, అన్నిటికీ అదే మూలం. ఆగస్టు ఎండకి బస్సు ఉడికిపోతున్నా లోపల ఒక్కరు కిటికీ తీయరు. ఒకసారి ఉజిత్సే వెళ్ళే బస్సులో విటోమిర్ తీశాడు. వెనక సీట్లో ముసలావిడ శాలువా చెవులమీదికి లాక్కుని, "నాయనా, నన్ను చంపదలుచుకుంటే ముందు మా అబ్బాయిని ఒకమాట అడుగు" అంది. డ్రైవరు బండి పక్కకి ఆపాడు. విటోమిర్ కిటికీ వేసేదాకా బస్సు కదల్లేదు.

వీడొట్టి మొండి అని ఊరంతా అనుకునేది. అసలు సంగతి అది కాదు. ప్రొమాయ ఉందని ఒప్పుకుంటే అది ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా ఒప్పుకోవాలి. వాళ్ళింట్లో అది వచ్చేదంటూ ఉంటే కిటికీల్లోంచే రావాలి. ఆ అయిదు కిటికీలూ విటోమిర్ తన చేత్తో చేసినవి.

పెళ్ళికి ముందు చేశాడు, ముప్పై ఒక్కేళ్ళ కిందట. అప్పటికి అతను ఊళ్ళో పేరున్న వడ్రంగి. సెప్టెంబరులో పెళ్ళి, జులై దాటినా ఇంటికి కిటికీల్లేవు. పెళ్ళికూతురు మిలుంకా వాళ్ళ నాన్న వచ్చి గోడల్లోని ఆ అయిదు కంతలూ చూసి, "మా అమ్మాయిని ఇంట్లోకి పంపుతున్నామా, గాలిగోపురంలోకి పంపుతున్నామా?" అని నవ్వేసి పోయాడు. ఆ నవ్వు విటోమిర్‌కి మింగుడుపడలేదు. మర్నాడే మిల్లుకి పోయి దొరికిన దేవదారు కర్ర తెచ్చేశాడు. పచ్చి కర్ర. చేత్తో పట్టుకుంటే చల్లగా తగిలింది, చిత్రిక పడుతుంటే పొట్టు తడితడిగా చుట్టుకుంది. రెండేళ్ళు ఆరాల్సిన కర్రని రెండు వారాల్లో కిటికీలు చేసేశాడు. పెళ్ళినాటికి అయిదు కిటికీలూ తెల్ల రంగులో మెరిసిపోతుంటే మామగారు భుజం తట్టాడు కూడా.

ఆ పచ్చి కర్ర సంగతి విటోమిర్ ఎవరికీ చెప్పలేదు. తన కింద పనిచేసినవాళ్ళకి మాత్రం, పచ్చి కర్ర ముట్టుకున్నారంటే చేతులు విరగ్గొడతానని పదేపదే చెప్పేవాడు.

కర్ర ఊరుకుంటుందా? ఆరింది, వంగింది, మూలలు విడిపోయాయి. మొదటి చలికాలంలోనే మిలుంకా మెడ రాసుకుంటూ, "ఎక్కడో గాలి వస్తోంది వీటో" అంది.

"రావట్లేదు" అన్నాడు విటోమిర్. "ఈ ఇంట్లో ప్రొమాయ లేదు."

అప్పట్నుంచీ అదే మాట. ముప్పై ఒక్క చలికాలాలు.

ఇందులో మరీ విడ్డూరం ఇంకొకటుంది. పన్నెండేళ్ళ కిందట ఊళ్ళో కొయ్య కిటికీలు అడిగేవాళ్ళు లేకపోయారు. విటోమిర్ కార్ఖానాకి తాళం వేసి, ప్లాస్టిక్ కిటికీలు అమ్మే కంపెనీలో కొలతల మేస్త్రీగా చేరాడు. ఇంటింటికీ పోయి టేపు పట్టుకుని కొలవడం, పాత చట్రాలు పీకడం, మూడు పొరల అద్దాలున్న కొత్తవి బిగించడం. ఇంటివాళ్ళు కొందామా వద్దా అని ఊగిసలాడుతుంటే అతను ఒక్క మాటా మాట్లాడడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీసి, పాత కిటికీ అంచు వెంబడి మెల్లగా నడిపిస్తాడు. మంట ఒకచోట లోపలికి వాలుతుంది. ఇంటావిడ చెయ్యి మెడ మీదికి పోతుంది. సంతకం అయిపోతుంది. ప్రొమాయని నమ్మనివాడు దాన్ని చూపించి బతుకుతున్నాడని కాఫీ హోటల్లో ఎగతాళి చేస్తే, "నేను ఉందన్నానా? మంట వాలింది, వాళ్ళు చూశారు, అంతే" అనేవాడు.

ఇంట్లో మాత్రం ఆ అగ్గిపెట్టె జేబులోంచి బయటికి వచ్చింది లేదు. మిలుంకా ఎప్పుడైనా కొత్త కిటికీల మాటెత్తితే చాలు, మొదలుపెట్టేవాడు. కొయ్య ఊపిరి పీలుస్తుంది. ప్లాస్టిక్ చెమటలు కారుస్తుంది. గోడలకి బూజు పడుతుంది. ఇంట్లో మనుషులు డబ్బాలో ఊరగాయలా మగ్గిపోతారు. కంపెనీవాళ్ళు వింటే ఆ రోజే ఉద్యోగం పీకేసేవాళ్ళు.

మిలుంకా అల్లిక మనిషి. మా కొండల ఉన్నితో స్వెట్టర్లు అల్లి దుకాణానికి ఇస్తుంది. ముందుగదిలో పెద్ద కిటికీ పక్కన కుర్చీ వేసుకుంటుంది, వెలుతురుండేది అక్కడే మరి. ఈ ఏడు అక్టోబరులోనే చలి ముదిరింది. విటోమిర్ సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె అతని పాత గొర్రెతోలు కోటు వేసుకుని, మెడకి రెండు చుట్లు శాలువా చుట్టుకుని, వేళ్ళు కత్తిరించిన చేతితొడుగులతో అల్లుతూ కనిపించేది. ఇన్నేళ్ళలో ఇంత చలి ఎప్పుడూ లేదని అతనికీ అనిపించింది. పైకి మాత్రం, "కట్టెలు సరిగా మండట్లేదు, తడిగా ఉన్నట్టున్నాయి" అన్నాడు.

"అవును, ఈ ఇంట్లో కర్రంతా తడే" అంది మిలుంకా.

విటోమిర్ చటుక్కున ఆమెవైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు, అల్లుతూనే ఉంది. మాటవరసకి అన్నదేలే అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ ఆదివారం నడవాలో పెట్టె కనిపించింది. గోధుమరంగు పాత ప్రయాణపు పెట్టె, మూత తెరిచి ఉంది.

"ఇదేంటి?"

"బార్ ఊరికి వెళ్తున్నాను, మా చెల్లి రదోయ్‌కా ఇంటికి. అక్కడ సముద్రం ఉంది, నారింజ చెట్లున్నాయి, జనవరిలో కూడా తలుపులు తీసి కూర్చుంటారట."

"ఎప్పుడు?"

"మిత్రోవ్‌దాన్‌కి ముందు రోజు."

మామూలుగా వెళ్తే ఫరవాలేదు. మిత్రోవ్‌దాన్ పండగతో మాకు చలికాలం మొదలు. ఆ రోజు ఎవరు ఏ కప్పు కింద పడుకుంటే ఏడాది పొడుగునా వాళ్ళ పక్క అక్కడే అని మావాళ్ళ నమ్మకం. అందుకే ఆ రోజుకి అడవిలో ఉన్నవాడు కూడా ఇల్లు చేరతాడు. పాత రోజుల్లో కొండల్లో తిరిగే దొంగలు సైతం ఆ రోజుకి జట్లు విడిపోయి ఇళ్ళకి పోయేవాళ్ళట. మిలుంకా అది తెలియక అన్నదా? అన్నీ తెలిసే అంది.

"కావాలంటే వెళ్ళు, కాని ఆ రోజు దాటాక వెళ్ళొచ్చుగా" అన్నాడు విటోమిర్.

"దాటాక వెళ్తే టిక్కెట్టు దండగ. నాకు ఏడాదంతా వెచ్చగా పడుకోవాలనుంది." ఆమె రెండు పరుపు దుప్పట్లు మడిచి పెట్టెలో సర్దింది. "ఈ ఇంట్లో ప్రొమాయ లేదన్నావుగా. మరి నాకు చలేస్తోందంటే లోపం నాలోనే ఉండుండాలి. లోపమున్న మనిషిని వెచ్చగా ఉండే చోటికి పంపించు."

విటోమిర్‌కి చిర్రెత్తుకొచ్చింది. బయటికి పోయి కట్టెలు కొట్టాడు, ఆ వారానికి సరిపడా కాదు, ఏడాదికి సరిపడా. కొడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. కొత్త కిటికీలు పెట్టడం అతనికి గంటల్లో పని. కాని ఆ పాతవి పీకాలంటే కత్తి పట్టుకుని వాటి దగ్గరికి వెళ్ళాలి, వాటి మూలలు చూడాలి. చూశాక ఇంక ప్రొమాయ లేదని అనడానికి నోరు రాదు. ముప్పై ఒక్కేళ్ళుగా ఆ కిటికీలకి రంగు వేసే పని కూడా మిలుంకాదే. అతను వాటి మూలలవైపు తిన్నగా చూసిందే లేదు.

మిత్రోవ్‌దాన్ ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే కంపెనీ ఆఫీసులో దుషాంకా ఆ రోజు చీటీలు పంచింది. దుషాంకా అక్కడ ఫోన్లు ఎత్తే మనిషి, మిలుంకాకి చిన్ననాటి స్నేహితురాలు. విటోమిర్‌కి మూడు చీటీలిచ్చింది. రెండు చదివి జేబులో పెట్టుకున్నాడు. మూడోది చదివి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"దుషాంకా, ఇది మా ఇల్లు."

"ఏమో బాబూ, నాకు ఇళ్ళు తెలియవు, నంబర్లే తెలుసు. కస్టమరు ఫోన్ చేసింది, నేను రాసుకున్నాను."

"ఎవరు చేశారు?"

"రాసుందిగా. మిలుంకా అని ఎవరో ఆవిడ. గొంతు బొంగురుగా ఉంది పాపం, ప్రొమాయ తగిలినట్టుంది." దుషాంకా ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. "పదకొండింటికి టైమిచ్చాను. ఆలస్యం చెయ్యకు, కస్టమరు కోపిష్ఠి."

వేరేవాణ్ణి పంపమందామనుకున్నాడు. కాని రెండో కొలతల మేస్త్రీ రాదే అనేవాడొకడే. వాడి నోరు ఊరి మైకు. వాడొచ్చి ఆ కిటికీలు చూశాడంటే మధ్యాహ్నానికి ఊరంతా టాంటాం. కక్కలేక మింగలేక విటోమిర్ టేపూ నిచ్చెనా వ్యాన్‌లో వేసుకుని బయల్దేరాడు.

తన ఇంటి తలుపు తనే కొట్టడం ఎంత ఇబ్బందో ఆ రోజు తెలిసింది. తాళంచెవి జేబులోనే ఉంది. తీద్దామా అనుకుని, ఎందుకో తీయలేక గంట నొక్కాడు.

మిలుంకా తలుపు తీసింది. పండగ జాకెట్టు వేసుకుంది, జుట్టు దువ్వుకుంది. గొర్రెతోలు కోటు ఎక్కడా లేదు.

"రండి మేస్త్రీ గారూ, రండి. దారి తెలిసిందా?"

"మిలుంకా, ఈ వేషాలేంటి?"

"బూట్లు విప్పనక్కర్లేదండీ, మేస్త్రీలు విప్పరు. కూర్చోండి. చలిలో వచ్చారు, ముందు కాస్త ఏమైనా పుచ్చుకోండి."

బల్లమీద పళ్ళెం సిద్ధంగా ఉంది. కొత్తగా వచ్చిన అతిథికి పెట్టినట్టే పాకంలో ఊరిన అత్తి పండు ఒక చెంచాలో, పక్కన గ్లాసుడు నీళ్ళు, చిన్న కప్పులో కాఫీ. పెళ్ళయ్యాక ఆ పళ్ళెం ఆమె తనకి పెట్టడం ఇదే మొదటిసారని విటోమిర్‌కి తట్టింది. ఇంటివాడికి ఎవరు పెడతారు? పండు నోట్లో వేసుకున్నాడు. ఎంత బావుందో అనిపించి, ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళంతా ఇది తింటుంటే తను చూస్తూ ఊరుకున్నాడా అని దిగులేసింది.

"బావుందండీ" అన్నాడు. నోటికి 'అండీ' దానంతటదే వచ్చేసింది.

"మీ ఆవిడ చెయ్యదా?"

"చేస్తుంది. అతిథులకి పెడుతుంది."

మిలుంకా మూతి బిగించి నవ్వు ఆపుకుంది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "మరి అడగండి. అడగాల్సినవి ఏవో ఉంటాయటగా."

విటోమిర్ కాగితం తీశాడు. ప్రతి ఇంట్లో నింపే కాగితమే. కిటికీలు ఎన్ని? అయిదు. చట్రం దేనితో చేసింది? కొయ్య. ఏ కొయ్య? దేవదారు. ఎన్నేళ్ళ నాటిది? ముప్పై ఒకటి. అక్కడిదాకా కలం పరిగెత్తింది. తర్వాతి గడి దగ్గర ఆగిపోయింది. 'గాలి చొరబాటు: ఉంది / లేదు.' ఎదురుగా రెండు ఖాళీ గళ్ళు.

"దాని దగ్గర ఆగారేంటండీ?" అంది మిలుంకా.

"ఇది కస్టమరు చెప్పాలి."

"కస్టమరుకి తెలియదు. ఆవిడకి భ్రమ అని వాళ్ళాయన అంటాడు. మేస్త్రీ గారే చూసి రాయాలి. మీరు అగ్గిపుల్ల గీసి చూపిస్తారని విన్నాను. ఊరందరికీ చూపించారట, మా ఇంట్లో ఎందుకు గీయరు?"

విటోమిర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి పెద్ద కిటికీ దగ్గరికి వెళ్ళి పుల్ల గీశాడు. అంచు వెంబడి నడిపించేదాకా కూడా ఆగలేదు అది. చట్రానికి జానెడు దూరంలోనే మంట లోపలికి వంగి ఆరిపోయింది. రెండో పుల్ల అరచెయ్యి అడ్డం పెట్టి గీశాడు. అదీ ఆరింది. మూడోది కూడా.

"పోనీ పొయ్యి దగ్గర పెట్టెడు ఉన్నాయి, తెచ్చిపెట్టమంటారా?" అంది మిలుంకా.

విటోమిర్ ఆశ్చర్యం గాలి వస్తున్నందుకు కాదు. ఇంత వస్తున్నందుకు. కర్ర వంగిందని తెలుసు, ఎక్కడో ఒక వెంట్రుకవాసి సందు ఉంటుందనీ తెలుసు. కాని ఇది గాలి దూరడం కాదు, దర్జాగా తలుపు తీసుకుని లోపలికి రావడం. మరి ఇన్నేళ్ళూ ఈ ఇల్లు వెచ్చగా ఎలా ఉంది? పక్కింటివాళ్ళు వచ్చి కూర్చున్నప్పుడు, 'చూడండి, ముప్పయ్యేళ్ళ కొయ్య, ఒక్క సందు లేదు' అని అద్దం మీద వేలితో కొట్టి చూపించేవాడు తను. వాళ్ళూ నిజమేనని తలూపేవాళ్ళు.

జేబులోంచి చిన్న కత్తి తీశాడు. చట్రానికీ గోడకీ మధ్య రంగు పొర చీల్చి మొన లోపలికి పోనిచ్చాడు. ఖాళీ తగలాలి. మెత్తగా తగిలింది. కత్తితో పైకి లాగితే దారం వచ్చింది. బూడిదరంగు ఉన్ని, తెల్ల రంగు పట్టి అట్టకట్టిన ఉన్ని. దాని వెనక ఆవపిండి రంగు. ఇంకాస్త లాగాడు. ఎరుపు. దాని వెనక ఆవపిండి రంగు.

ఆ ఆవపిండి రంగు విటోమిర్‌కి బాగా గుర్తు. పదిహేనేళ్ళ కిందట ఆమె అల్లిన స్వెట్టరు. 'ఇది వేసుకుంటే ఆవాల సీసాలా ఉంటాను' అని అతను ఒక్కరోజు కూడా తొడుక్కోలేదు. ఎరుపు వాళ్ళమ్మాయి నెవేనా బడికి పెట్టుకెళ్ళిన టోపీది. ఆకుపచ్చ ఆ పిల్ల పుట్టిన ఏడు విటోమిర్‌కి అల్లిన చేతుల్లేని కోటుది. అన్నీ పొరలు పొరలుగా, ఏ ఏటికా ఏడు, సందు ఎంత పెరిగితే అంత, వెన్న కత్తితో కూరి, పైన సున్నితంగా రంగు వేసి కప్పేసి ఉన్నాయి. రెక్కల మూలల్లో మాత్రం ఏమీ లేదు. అక్కడ ఖాళీ. గాలి వస్తోంది అక్కణ్ణుంచే.

"ఇదేంటి మిలుంకా?"

"ఉన్ని."

"ఎన్నాళ్ళుగా?"

"మొదటి ఏడాది నుంచీ. మిత్రోవ్‌దాన్‌కి ముందు నువ్వు పనికెళ్ళాక కూరేదాన్ని. రెక్కల్లోది వసంతం రాగానే తీసేసేదాన్ని, నువ్వు తెరుస్తావని." ఆట అయిపోయింది, 'మీరు' పోయింది. "ఈ ఏడు రెక్కల్లో పెట్టలేదు. వేళ్ళు వంగట్లేదు వీటో. కత్తి పట్టుకుని కూరడానికి రెండు రోజులు పట్టేది, ఈసారి గంటకే నొప్పి. సరేలే, ఒక్క ఏడాదైనా నీ కిటికీలు నువ్వు చూస్తావని వదిలేశాను."

విటోమిర్ ఆ ఉన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు తను పొగుడుకున్నది తన పనితనాన్ని కాదు, ఆమె చేతిపనిని.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? వచ్చినవాళ్ళందరికీ అద్దం కొట్టి మరీ చూపిస్తుండేవాడివి. నీ మొహం అప్పుడు ఎంత వెలిగిపోయేదో నీకేం తెలుసు?"

అతను కిటికీ గట్టు మీద కూలబడ్డాడు. "కర్ర పచ్చిది. మీ నాన్న నవ్వాడని తొందరపడ్డాను. పచ్చి కర్రతో చేశాను."

"తెలుసు."

"తెలుసా?"

"మొదటి శీతాకాలమే తెలిసింది. పొయ్యి వేడికి రెక్కలోంచి జిగురు కారి నా పెళ్ళి దుప్పటి మీద పడింది. ఆరిన కర్రకి జిగురు కారదని వడ్రంగి పెళ్ళానికి తెలియదూ?" మిలుంకా వచ్చి అతని పక్కన కూర్చుంది. "నాకు కిటికీల బాధ లేదు వీటో. కిటికీ వంకరదైతే ఉన్ని పెట్టుకుంటాను. నాకు మెడ నొప్పంటే అదంతా నీ భ్రమ అన్నావు చూడు, ఆ మాటకి మాత్రం ఏ ఉన్నీ చాలలేదు."

విటోమిర్ చాలా సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులోనే ఒంట్లోంచి పెద్ద బరువు దిగిపోయినట్టు తేలికగానూ ఉంది, రెండూ ఒకేసారి. కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. 'ఉంది' అన్న గడిలో గీత పెట్టాడు. సరిపోలేదనిపించి దాని మీదే ఇంకో గీత పెట్టి, పక్కన 'చాలా' అని రాశాడు. కింద మేస్త్రీ సంతకం చేశాడు.

"ఒక మాట" అన్నాడు. "వచ్చే ఎండాకాలం దాకా ఆగితే ఆరిన కర్ర తెచ్చి నేనే మళ్ళీ చేస్తాను. ఈసారి ఒక్క సందు ఉండదు."

"ఎండాకాలంలో నా వేళ్ళకి చలెయ్యదు."

"ప్లాస్టిక్‌కి చెమట పడుతుంది."

"రోజూ పొద్దున్న పావుగంట తెరుస్తాను, ఆరిపోతుంది. నువ్వే అందరికీ అలా చెబుతావని దుషాంకా చెప్పింది."

దుషాంకాని మనసులో తిట్టుకుంటూ విటోమిర్ టేపు లాగాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిసే కొలిచారు. టేపు ఒక కొస ఆమె పట్టుకుంది. ఒక్క చట్రం కూడా మూలమట్టానికి లేదు. ప్రతి దాని దగ్గరా అంకె చదివి అతను తల పట్టుకుంటే, "పోనీలే, నిలబడ్డాయిగా ఇన్నాళ్ళు" అని ఆమె ఊరడించింది. కస్టమరు గడిలో సంతకం చేసి, "ఎవరు బిగిస్తారు మేస్త్రీ గారూ? మంచి మనిషిని పంపించండి" అంది.

"నేనే వస్తాను" అన్నాడు విటోమిర్. "ఆ పళ్ళెం మళ్ళీ పెడితేనే."

ఆ సాయంత్రమే అతను మిలుంకా బుట్టలోంచి ఉన్ని తీసుకుని, కొత్తవి వచ్చేదాకా రెక్కల సందులన్నీ తన చేత్తో కూరాడు. వడ్రంగి చెయ్యి కదా, రెండు రోజుల పని రెండు గంటల్లో అయింది. మిత్రోవ్‌దాన్‌కి ముందు రోజు సాయంత్రం ఇంటికొచ్చీ రాగానే నడవాలోకి చూశాడు. పెట్టె అక్కడే ఉంది. మూత ఎత్తి చూశాడు. నిండా ఉన్ని ఉండలు. వంటింట్లో మిలుంకా ఫోన్లో అంటోంది, "లేదే రదోయ్‌కా, ఈ ఏడు కుదరదు. మా ఇంట్లో ప్రొమాయ ఉందని తేలింది, దాన్ని వదిలిపెట్టి ఎలా వస్తాను?"

అవతల రదోయ్‌కాకి ఏమర్థమయిందో ఏమో.

కొత్త కిటికీలు మూడు వారాలకి వచ్చాయి. శనివారం విటోమిర్ ఒక్కడే బిగించాడు, ఎవర్నీ రానివ్వలేదు. చీకటి పడేసరికి అయిదూ అయిపోయాయి. పాత చట్రాలు పొయ్యిలో వేస్తాడనుకుంది మిలుంకా. వెయ్యలేదు. వసంతంలో మిరప నారు మీద కప్పడానికి అద్దాలు పనికొస్తాయని కొట్టంలో జాగ్రత్తగా పేర్చాడు. నారుకి కాస్త గాలాడడం మంచిదే అన్నాడు.

ఆ సాయంత్రం మంచు మొదలైంది. మూడు పొరల అద్దాల అవతల ఊరు మాట్లాడడం మానేసినట్టుంది. పొయ్యిలో రెండు కట్టెలు వేస్తే చాలు, ఇల్లంతా వెచ్చబడింది. మిలుంకా కిటికీ పక్కన చేతితొడుగులు లేకుండా కూర్చుని అల్లుతోంది. ఆవపిండి రంగు ఉన్నితో ఒక స్వెట్టరు మొదలుపెట్టింది. అతనే అడిగాడు. విటోమిర్ ఎదురుగా కాళ్ళు చాపుకుని పళ్ళసారా, మా రకియా, చిన్న గ్లాసులో పోసుకున్నాడు.

ఉన్నట్టుండి ఆమె అల్లిక ఆపింది. చెయ్యి మెడ వెనక్కి పోయింది.

"ఎక్కడో గాలి వస్తోంది వీటో."

విటోమిర్ గ్లాసు కింద పెట్టాడు. లేచి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసి కింది అంచు నుంచి పైదాకా, పై నుంచి అవతలి అంచు దాకా, కిటికీ చుట్టూ మెల్లగా నడిపించాడు. మంట ఎక్కడా వాలలేదు. చర్చిలో కొవ్వొత్తిలా నిటారుగా నిలబడి, చివరిదాకా కాలి, అతని వేలు చురుక్కుమనిపించి ఆరింది.

"వస్తోంది" అన్నాడు విటోమిర్. "ఇదిగో, ఇక్కడ."

ఆమె బుట్టలోంచి చిటికెడు ఆకుపచ్చ ఉన్ని తీసుకుని, సందు లేని ఆ మూల దగ్గర కత్తి మొనతో నిదానంగా అదిమాడు.

"ఇప్పుడు?"

మిలుంకా మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇప్పుడు ఆగింది" అంది.